శేషాలు చెప్పే సంఖ్య



మదనపల్లె టమోటా మార్కెట్టులో వందలోపు పెట్టెలున్నాయనుకోండి. ఏడేసి పేరిస్తే 3, పదకొండేసి పేరిస్తే 5 మిగిలాయి. ఒక్కొక్కటీ ఎంచకుండానే మొత్తం 38 అని చెప్పవచ్చు. శేషాలు, పైన ఒక హద్దు తెలిస్తే చాలు. ఇదే ఉపాయం నేటి గణితంలో ఒక పెద్ద పనికి ఆధారం.

1916లో శ్రీనివాస రామానుజన్ క(1−క)²⁴(1−క²)²⁴(1−క³)²⁴... అనే అంతులేని లబ్ధాన్ని విస్తరించి, అందులోని గుణకాలను 'టౌ' అన్నారు. టౌ(2)=−24, టౌ(3)=252, టౌ(5)=4830, టౌ(7)=−16744. ఇటువంటి శ్రేణి ఒక మాడ్యులర్ రూపం. వంద అంకెల ప్రధాన సంఖ్యకు టౌ కావాలంటే ఇలా గుణించుకుంటూ పోవడం ఏ కంప్యూటర్‌కూ సాధ్యం కాదు. కానీ శేషాలు దొరుకుతాయి.

23తో భాగిస్తే వచ్చే శేషానికి 1930లో విల్టన్ నియమం కనుగొన్నారు. దాన్ని ఇలా చెప్పుకోవచ్చు. క³−క−1 తీసుకోండి. 5 కోసం, కకు 0 నుండి 4 వరకు విలువలిచ్చి, ఫలితం 5తో నిశ్శేషంగా భాగింపబడేవి ఎన్నో చూడండి. 2 ఒక్కటే (8−2−1=5). ఆ ఒకటిలోంచి 1 తీసేస్తే 0. 4830ని 23తో భాగించండి, శేషం 0! 3కు అలాంటి విలువే లేదు, కనుక 0−1=−1. 252 కూడా 23×11 కంటే ఒకటి తక్కువే. 59కి 4, 13, 42 అని మూడున్నాయి. కాబట్టి టౌ(59)ని లెక్కించకుండానే శేషం 2 అనవచ్చు.

కారణమేమిటి? సమీకరణ మూలాలు ఒకదాని చోటికి ఒకటి ఎలా మారతాయో చూడమన్నవాడు గాల్వా (1811–1832). ఒక్కో ప్రధాన సంఖ్య మూలాలను ఒక్కో విధంగా మారుస్తుంది. ఆ మార్పును మనం ఇంటర్‌లో చదివే 2×2 మాత్రికగా రాయడమే ఇక్కడి గాల్వా ప్రాతినిధ్యం. కదలని మూలాల సంఖ్యలో 1 తీసేస్తే ఆ మాత్రిక వికర్ణ మొత్తం వస్తుంది. అదే టౌ శేషం.

23కే కాక ఇతర ప్రధాన సంఖ్యలకూ ప్రాతినిధ్యాలున్నాయని డెలీన్ చూపారు. టౌ పరిమాణానికి హద్దును 1974లో ఆయనే ప్రకటించారు. ఉన్నాయని తెలియడం వేరు, లెక్కించడం వేరు. ఆ దారిని ఎడిక్స్‌హోవెన్, కువేన్య తదితరుల 2011 నాటి గ్రంథం చూపింది. అందులో బోస్మన్ 11, 13, 17, 19లకు బహుపదులు లెక్కించారు. 11కే పరిమాణం 12 కావలసి వచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. పుంగనూరు, కుప్పం పల్లెల నుండి వచ్చిన మనలో చాలామంది పదో తరగతి కాగానే లెక్కలకు దండం పెడుతున్నారు. రామానుజన్ కూడా కాలేజీ పరీక్షలు తప్పినవారే. పైన 23 లెక్కకు కావలసింది భాగాహారం మాత్రమే. ఈ రాత్రి స్టడీ అవర్‌లో 7కు చేసి, −16744తో సరిచూసుకోండి.