ఈస్టులోని ఒక చిన్న జన్యువు

రొట్టెపిండిని పొంగించునదియు, తాటికల్లును పులియించునదియు నగు ఈస్టు ఏకకణజీవి. ఆ కణములో మాంసకృత్తులను తయారుచేయు యంత్రములే రైబోసోములు. చురుకుగా పెరుగుచున్న ఈస్టుకణము నిమిషమునకు సుమారు 2,000 రైబోసోములను నిర్మించుకొనును.

రైబోసోము తిరుగలివలె రెండు భాగములు గలది. తిరుగలి నలుగగొట్టును, ఇది కూర్చును. కనుక పోలిక ఆకారమునకే. పెద్ద భాగము కేంద్రకమునందు తయారగునపుడే టిఫ్-6 అను మాంసకృత్తు దానికి అంటుకొనును. రాళ్ళ నడుమ దూర్చిన చెక్కముక్కవలె అది చిన్న భాగమును దరిచేరనీయదు. యంత్రము పూర్తికాకముందే పనికి దిగకుండ ఇది మంచి ఏర్పాటే. అయితే పెద్ద భాగము సిద్ధమై కేంద్రకము వెలుపలికి వచ్చిన పిదప ఆ ముక్కను తీయునదెవరు?

ఎస్‌డీఓ-1 అను జన్యువువలన కలుగు మాంసకృత్తు, ఈఎఫ్‌ఎల్-1 అను మరియొకదానితో కూడి, దానిని ఊడదీయును. ఊడిన టిఫ్-6 మరల కేంద్రకమునకు పోయి మరియొక భాగమునకు అంటుకొనును. ఎస్‌డీఓ-1 లోపించిన ఈస్టు మిక్కిలి మందముగా పెరుగును. కాని టిఫ్-6 పట్టు సడలునట్టి మార్పు కలిగినచో పెరుగుదల పుంజుకొనునని 2007లో ప్రకటింపబడినది. విప్పువారు లేకున్నను ముడి వదులైన చాలునన్నమాట!

ఈ జన్యువునకు సాటియైన ఎస్‌బీడీఎస్ మనుష్యులలో కలదు. ష్వాక్‌మన్-డైమండ్ వ్యాధికి దాని లోపమే ముఖ్యకారణమని 2003లో తేలెను. ఆ వ్యాధిగల శిశువులకు క్లోమము జీర్ణరసమును చాలినంత ఈయదు. ఎముకల మూలుగ తెల్లరక్తకణములను తగినన్ని పుట్టింపదు. కొందరికి పిదప రక్తపు కాన్సరు కూడ సంభవించును. 2021లో అట్టి రోగుల రక్తకణములను పరిశీలింపగా, కొన్నిటిలో టిఫ్-6నకు సాటియైన మానవజన్యువు తనంతట తానే మారి, పట్టు సడలియుండుట కనబడినది.