నడచు నిల్వ లెక్క

విద్యార్థులారా! జమ, ఖర్చు అను మాటలు మన సునాబెడలో తెలుగువారికిని, ఒడియావారికిని తెలిసినవే. నాటివరకు వచ్చిన జమనుండి నాటివరకైన ఖర్చును తీసివేయగా మిగులునది నిల్వ. కంప్యూటరు పట్టికలోను ఈ శీర్షికలను తెలుగులోనే వ్రాయవచ్చును.

మొదటి వరుస శీర్షికలకు విడువుడు. సి నిలువున జమ, డి నిలువున ఖర్చు, ఇ నిలువున నిల్వ వ్రాయవలెను. రెండవ వరుసలో జమ రూ. 5,000, మూడవదానిలో ఖర్చు రూ. 1,200, నాల్గవదానిలో ఖర్చు రూ. 800 అనుకొనుడు. ఇ2లో సి2 నుండి డి2ను తీసివేయుడు. ఇ3లో పై నిల్వయగు ఇ2కు సి3ను కలిపి, డి3ను తీసివేయుడు. ఈ సూత్రమును క్రిందికి లాగినచో నిల్వలు వరుసగా 5,000, 3,800, 3,000 అగును.

ఇందొక ప్రమాదము కలదు. మరచిన మందుల ఖర్చు రూ. 300ను మూడు, నాలుగు వరుసల నడుమ క్రొత్త వరుసగా చేర్చితిమేని, క్రింది సూత్రము పాత గడినే చూచుచుండును. నిల్వ 2,700 కావలసియుండగా 3,000 గానే కనబడును, తప్పు తెలియదు.

కావున రెండవ వరుసనుండి ఆ వరుసవరకు గల జమల మొత్తమునుండి ఖర్చుల మొత్తమును తీసివేయు సూత్రము మేలు. ఆరంభపు 2కు ముందు డాలరు గుర్తుంచినచో, సూత్రమును క్రిందికి లాగినను ఆ మొదలు కదలదు.

తల్లిదండ్రులు నెలసరి యింటి లెక్కను పిల్లలచేత నిట్లు వ్రాయింతురుగాక. తుది నిల్వను చేతిలోని రొక్కముతో సరిచూచుట మరువరాదు.