హోటలు బల్లపై భాషాపాఠము

శ్రీరంగాపూర్ నుండి చదువుకై హైదరాబాదు చేరిన విద్యార్థి ఇరానీ హోటలులో 'ఏక్ పౌనా' అను కేక విని, ఇది ఉర్దూ మాట, నాది కాదనుకొనును. కాని 'పాద' మనగా నాలుగవ వంతు, 'ఊన' మనగా తక్కువ. సంస్కృత 'పాదోన' మే ప్రాకృతము మీదుగా 'పౌనా' అయినది; అనగా మన ముప్పాతికయే.

ఇక ఊరిలో అవ్వ "నాస్తా చేసినవా బిడ్డా?" అని అడుగును. అది తెలుగింటి మాటగానే తోచును. పారశీకములో 'నాష్తా' అనగా పరగడుపు. పరగడుపున తినునదే నాస్తా అయినది. ఇద్దరి ముందరి చాయ్ మాట పుట్టినది చీనాలో.

విద్యార్థులారా! ఒక మాటను పరాయిదని త్రోసివేయుటకు ముందు దాని ఇంటిపేరు విచారింపుడు. అది మీ చుట్టమే కావచ్చును.