సైకిల్ మీద కొలువు - ప్యాంటు మీద అరుగుదల

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని తమ్ముళ్ళు అడిగినప్పుడు మొదట పోటీ పరీక్షల మీద రాద్దామనుకున్నాం. వాటి గురించి మాకంటే బాగా రాసేవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లోనే చాలామంది ఉన్నారు. మాకు నిజంగా తెలిసిన పాఠం ఇంకొకటి ఉంది. డిగ్రీ చివరి సంవత్సరం నుంచి ఈ పీజీ పూర్తయ్యేదాకా కర్నూలులో సైకిల్ తొక్కుతూ పనికి పోయి వచ్చాం. ఆ పనికి తొడుక్కుపోయే బట్టలను కాపాడుకోవడానికి పడిన తిప్పలే ఈ పాఠం.

మేము అంటే ముగ్గురం. ఒకే హాస్టల్ గదిలో పెరిగి, బయటికి వచ్చాక కల్లూరులో ఒకే అద్దె గదిలో చేరినవాళ్ళం. ఒకరు ప్రైవేటు బడిలో సైన్సు చెబుతారు, ఒకరు బట్టల అంగడిలో సేల్స్‌మన్, ఒకరు జిరాక్సు సెంటరులో టైపింగు చేస్తారు. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చూసింది మాతోనే. రాస్తున్నది ఒకరే అయినా అనుభవం ముగ్గురిదీ కాబట్టి మేము అనే రాస్తున్నాం.

ముందు ఒక సంగతి చెప్పాలి. బడిలో పనిచేసే మావాడు ఒకరోజు కింద పడిన సుద్దముక్క కోసం వంగాడు. వెనుక బెంచీ పిల్లవాడొకడు దగ్గరికి వచ్చి, "సార్, మీ ప్యాంటు" అని చెవిలో చెప్పాడు. సీటు దగ్గర జానెడు చిరుగు. మావాడు టక్ తీసేసి, చొక్కా కిందికి లాక్కొని సాయంత్రం వరకు గోడకు ఆనుకునే పాఠం చెప్పాడు. ఆ రోజు తల్లిదండ్రుల సమావేశం. టక్ లేకుండా తిరిగినందుకు ఆ నెల జీతంలో వంద రూపాయలు కోశారు. బడి పేరు ఇక్కడ అనవసరం. గుడ్డ, కుట్టుకూలి కలిపితే ప్యాంటుకు వెయ్యి దాటుతుంది. అది కొని అప్పటికి ఐదు నెలలే.

ఐదు నెలలకే ఎందుకు చిరిగింది? మాలో ఒకరు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ కాబట్టి లెక్క వేయడానికి కూర్చున్నాం. మా సైకిల్‌కు ముందు చక్రంలో 44 పళ్ళు, వెనుక ఫ్రీవీల్‌లో 18 పళ్ళు. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువ తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.23 మీటర్లు పోతుంది. అంటే పెడల్ ఒక చుట్టుకు దాదాపు ఐదున్నర మీటర్లు. గది నుంచి బడికి 6 కిలోమీటర్లు. అక్కడక్కడ తొక్కకుండా జారేది తీసేసినా, పోయేటప్పుడు వెయ్యి చుట్లు, వచ్చేటప్పుడు వెయ్యి చుట్లు. నెలకు 25 పనిదినాలైతే 50 వేలు. రెండు ప్యాంట్లు మార్చి మార్చి తొడిగినా ఒక్కోదానికి నెలకు 25 వేలు. ఐదు నెలలకు లక్షా పాతిక వేలసార్లు ఆ గుడ్డ సీటు మీద ముందుకూ వెనక్కూ రాసుకుంది!

గుడ్డ ఎన్ని రాపిళ్ళకు తట్టుకుంటుందో పరీక్షించే యంత్రం ఒకటి ఉంది. దానిని 1940లలో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఉన్ని పరిశోధన సంస్థలో మార్టిన్‌డేల్ అనే ఆయన తయారుచేశాడు. ఇప్పటికీ మిల్లులు వాడేది అదే. గుండ్రంగా కత్తిరించిన గుడ్డముక్కను ఉన్ని గుడ్డ మీద బరువుపెట్టి రుద్దుతారు. ఆ ముక్క ఒకే దారిలో పోదు, లిసాజూ బొమ్మల దారిలో తిరుగుతుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఆసిలోస్కోపు మీద చూసి మార్కుల కోసం గీసిన బొమ్మలు ప్యాంటు గుడ్డ దగ్గర ఎదురుపడతాయని మేము అనుకోలేదు. దారాలు తెగేవరకు లెక్కపెడతారు. అయితే అక్కడ ఉన్నది మెత్తటి, శుభ్రమైన ఉన్ని. మాకున్నది పగిలిన రెక్సిన్ సీటు, పైన దుమ్ము.

అసలు దొంగ ఈ దుమ్మే. ఎర్రనేల దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్. మోస్ కాఠిన్య కొలతలో క్వార్ట్‌జ్ విలువ 7. కడప బండ సున్నపురాయి, దానిలోని కాల్సైట్ విలువ 3. బండ మీదే గీత పెట్టగల రేణువు నూలు పోగును వదులుతుందా? పొద్దున సీటు తుడవకుండా ఎక్కామంటే గరుకు కాగితం మీద కూర్చున్నట్లే. చిరిగిన ప్యాంటు తీసుకుపోతే దర్జీ మామ వెలుతురుకు పట్టి చూసి, "ఏమబ్బీ, సీటు మీద కూర్చుంటివా, ఆకురాయి మీద కూర్చుంటివా?" అన్నాడు. అప్పటినుంచి సీటు కింద స్ప్రింగుకు ఒక పాత గుడ్డపీలిక కట్టాం. ఎక్కేముందు ఒక్క తుడుపు. ఇంతకంటే చవకైన వైద్యం లేదు.

నల్లరేగడి సంగతి వేరు. నంద్యాల, కోవెలకుంట్ల వైపు తమ్ముళ్ళకు మేము చెప్పాల్సిన పనిలేదు. ఎండాకాలంలో అది పెద్దగా బాధించదు. వాన పడిందంటే మాత్రం బంకలా చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చేరి, చక్రాన్ని ఆపేసి, మోకాళ్ళ దాకా చిమ్ముతుంది. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే పోగుల్లోకి ఇంకుతుంది. పూర్తిగా ఎండనిచ్చి దులిపి, ఆ తర్వాతే ఉతకాలి.

రెండో దొంగ చెమట. మన దగ్గర మార్చి దాటితే పొద్దున తొమ్మిదికే చొక్కా వీపుకు అంటుకుంటుంది. తడిసిన గుడ్డ ఒంటి మీద జారదు, పట్టుకుంటుంది. అప్పుడు రాపిడి ఇంకా పెరుగుతుంది. ఇక్కడ గుడ్డ రకం కూడా చూసుకోవాలి. మామూలు వాతావరణంలో 100 గ్రాముల పొడి నూలు సుమారు ఎనిమిదిన్నర గ్రాముల చెమ్మ పీల్చి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. అందుకే టెర్రీకాటన్ ఎండలో ఉక్కపోస్తుంది. కానీ పాలిస్టర్ పోగు గట్టిది, ఇస్త్రీ నిలుస్తుంది, తొందరగా ఆరుతుంది. మూడు ప్యాంట్లు కూడా లేనివాడికి రాత్రి ఉతికింది పొద్దునకు ఆరడమే ముఖ్యం. కాబట్టి నూలే మంచిదని మేము చెప్పం. చొక్కా నూలుది, ప్యాంటు కలనేత గుడ్డది, అదీ ఏటవాలు గీతల నేత ఉన్నది తీసుకోమంటాం. ఆ నేతలో దారాలు దగ్గరగా సర్దుకుంటాయి, మామూలు నేతకంటే రాపిడికి ఎక్కువ ఓరుస్తుంది. టెర్రీకాటన్ మీద లేచే చిన్న చిన్న ఉండలకు కారణం కూడా పాలిస్టరే. అరిగిన నూలు పోగు తెగి రాలిపోతుంది. పాలిస్టర్ తెగక, రాలే పోగులను కూడా చుట్టుకుని ఉండకడుతుంది. వాటిని గోటితో పీకకూడదు, కత్తెరతో కోయాలి.

కుడికాలి అంచు గురించి అందరికీ తెలుసు. చైను కుడివైపే ఉంటుంది కాబట్టి అరిగేదీ, నల్లబడేదీ కుడికాలే. బెల్‌బాటం రోజుల్లో మా మామలు కుడి బాటాన్ని చైనులో ఇరికించుకుని బజారు మధ్యలో దిగి, వెనక్కి తొక్కి తొక్కి లాక్కున్న కథలు ఇప్పటికీ చెబుతారు. చాలామంది బాటాన్ని పైకి చుడతారు. ఆ చుట్టలో ఇసుక చేరి మడత దగ్గర గుడ్డ కోసుకుపోతుంది. మిగులు గుడ్డను కాలి బయటివైపుకు లాగి, చదునుగా మడిచి, బట్టల క్లిప్పు పెట్టడం మేలు. చైను మీద నూనె ఎక్కువైతే దుమ్మును పట్టి నల్లటి ముద్ద అవుతుంది. అది చైనునూ తింటుంది, బట్టనూ తింటుంది. లింకుకు ఒక చుక్క వేసి, పైన కారినది తుడిచేయాలి. మరక పడితే నీళ్ళు తగలనివ్వకండి. కాస్త కొబ్బరినూనె రుద్దితే గ్రీజు వదులవుతుంది. పైన సుద్దపొడి చల్లి పీల్చనిచ్చి, అంట్లసబ్బుతో కడగాలి. సుద్దముక్కలకు మాలో ఒకరికి కరువు లేదు.

సీటు ఎత్తు కూడా ఒకసారి చూసుకోండి. పెడల్ కింద ఉన్నప్పుడు మడమ దానిపై పెడితే కాలు చక్కగా చాగాలి. అంతకంటే ఎత్తయితే ప్రతి తొక్కుకూ నడుము అటూ ఇటూ ఊగి, సీటు గుడ్డను రెండువైపులా గీకుతుంది. మా సైకిళ్ళలో ఒకటి నాన్నది. 2009 అక్టోబరు వరద బురదలోంచి తీసి కడిగినది. దాని సీటు బోల్టు తుప్పుపట్టి కదిలేది కాదు. దాన్ని విప్పించి కిందికి దించడానికి మాకు రెండేళ్ళు పట్టింది. బద్ధకం అని రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇక దర్జీ దగ్గర చేయించుకోవాల్సినది. గుడ్డ సీటు దగ్గర నిగనిగలాడడం మొదలైతే అదే మొదటి హెచ్చరిక. లోపలికి చేయిపెట్టి వెలుతురుకు పట్టండి. వేళ్ళ నీడ కనిపిస్తే మాసిక వేయించాల్సిన సమయం వచ్చినట్లు. చిరిగాక వేసే మాసిక పైకి కనబడుతుంది, చిరగకముందు లోపల వేసేది కనబడదు. గుర్రపు రౌతుల ప్యాంట్లకు తొడల లోపలివైపు తోలు కుట్టేవారు కదా, ఇదీ అదే ఉపాయం. మెత్తటి నూలు ముక్క కావాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, ఎందుకంటే లాగుడు బలమంతా మూల దగ్గర చేరి చిరుగు అక్కడి నుంచే మొదలవుతుంది. మాసిక అంచు ప్యాంటు కుట్టు మీదికి రాకూడదు. మేము నలభై రూపాయలిచ్చి వేయించాం. కొత్త ప్యాంటు కుట్టించేటప్పుడు మిగిలిన ముక్క అడిగి తెచ్చుకోండి, లోపల కుట్టు పక్కన గుడ్డ ఎక్కువ వదలమనండి. రెడీమేడ్‌లో ఆ వదులు చాలా తక్కువ.

మన అక్కచెల్లెళ్ళ తిప్పలు మాకు అనుభవం కాదు, విన్నవే. చున్నీ కొసలు రెండూ వెనక్కి కాకుండా ముందుకు తెచ్చి నడుముకు ముడివేయడం, వెనుక చక్రానికి జాలీ పెట్టించడం తప్పనిసరి. ఇది బట్ట కోసం కాదు, ప్రాణం కోసం.

ఉతుకుడు దగ్గర మన నేల ఇంకో పరీక్ష పెడుతుంది. బోరునీళ్ళు చాలాచోట్ల కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, తెల్లచొక్కా బూడిదరంగుకు తిరుగుతుంది. కొంచెం చాకలిసోడా కలిపితే నీళ్ళు మెత్తబడతాయి. ప్యాంటును తిరగేసి ఉతకండి, తిరగేసి నీడన ఆరేయండి. సీటును బండకేసి బాదకండి, బ్రష్షు పెట్టకండి. ఇస్త్రీ చేసేటప్పుడు పైన తడిగుడ్డ పరిస్తే నిగనిగ రాదు.

వీటన్నిటికంటే మంచి ఉపాయం పాత ప్యాంటుతో తొక్కి, అక్కడికి పోయాక మార్చుకోవడం. అంగడిలో పనిచేసే మావాడికి గోడౌన్ ఉంది, అతను అలాగే చేస్తున్నాడు. బడిలో అయ్యవార్లకు అలాంటి గది లేదు. పిల్లల మరుగుదొడ్డి దగ్గర మార్చుకుంటుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారోనని మావాడు మానేశాడు. దానికి మాకింకా దారి దొరకలేదు. అందుకే అతనికి లోపలి మాసిక వేయించాం. బూడిదరంగు ప్యాంటు, పోయిన జూన్ నుంచి తొడుగుతున్నాడు, ఇంకా చిరగలేదు. సంచిక విడుదల రోజు అదే వేసుకుని సైకిల్ మీద వస్తాడు. చూడాలనుకున్న తమ్ముళ్ళకు తిరగేసి చూపిస్తామని మాటిచ్చాం, ఇంకా అతన్ని అడగలేదు.