ప్రేగులలోని పూడిక

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతులకు కర్నూలు-కడప కాలువ పూడిక యెట్టిదో చెప్ప నక్కఱలేదు. పూడిక పేరుకొన్నకొలది నీరు మందగించి, చివరి పొలము లెండును. మన ప్రేగుల గోడలయందును అరుదుగా నిట్టి పూడిక యేర్పడును. వైద్యులు దీనిని అమిలాయిడోసిస్ అందురు.

1854లో జర్మను వైద్యుడు విర్కో యీ పదార్థముపై అయొడిన్ వేసి, గంజిపిండివలె రంగు మాఱుట చూచి యీ పేరు పెట్టెను. నిజమున కది పిండి కాదు, మాంసకృత్తు. క్షయ, మానని చీముపుండు, కీళ్లవాతము మొదలగునవి ఏండ్లతరబడి నిలిచినచో, కాలేయ మొక మాంసకృత్తును మితిమీఱి తయారుచేయును. అది సన్నని పోగులై మూత్రపిండములలోను, కొందఱికి ప్రేగులలోను దిగబడును. ఎముకల మూలుగ దోషమువలన వచ్చు రకము వేఱొకటి కలదు. ఈ పూడిక అంటురోగము కాదు.

విడువని విరేచనములు, బరువు తగ్గుట, ఒక్కొక్కప్పుడు మలములో నెత్తురు దీని లక్షణములు. మూత్రపిండములు చెడినచో కాళ్లు వాచును, మూత్రము నురుగు కట్టును. విరేచనములు సామాన్య రోగములకును కలుగును గనుక, చూచినంతమాత్రమున నిర్ణయింపరాదు.

నిర్ణయించు విధము ప్రత్తి రైతులకు వింతగా దోచును. కాంగో రెడ్ అను ఎఱ్ఱరంగు, పటిక మొదలగునవి లేకయే నూలుబట్టకు పట్టెను. 1922లో బెన్‌హోల్డ్ అను వైద్యుడు, ఆ రంగే యీ పోగులకును పట్టునని చూపెను. నేడును ప్రేగునుండి చిన్నముక్క తీసి, దానికా రంగు వేసి, ప్రత్యేకమైన వెలుగులో సూక్ష్మదర్శినితో చూతురు. పూడిక యున్నచో ఆకుపచ్చగా మెఱయును.

పడిన పూడికను తీయుట కష్టము. పైనుండి వచ్చు మట్టి నాపుటయే మేలు. అనగా మూలరోగమును కుదుర్పవలయును. సామాన్యముగా క్షయకు కనీసము ఆఱునెలలు మందు వాడవలయును. ప్రభుత్వ వైద్యశాలలం దది ఉచితము. అయినను దగ్గు తగ్గగానే, పైరుపనుల తొందరలో రెండవ నెలనే మందు మానువారిని మేము పల్లెలలో చూచియున్నాము. దగ్గు తగ్గుట రోగము పోవుట కాదు. కలుపును వేళ్లతో పెఱుకక కోసి విడుచు రైతు మనలో నెవ్వడు?

కావున రెండు వారములకు మించిన దగ్గునకు కఫపరీక్ష చేయింపుడు. విరేచనములు వారముల తరబడి విడువనిచో వైద్యునికి చూపి, పాతదగ్గు, పాతపుండుల సంగతి దాచక చెప్పుడు. ఆ యొక్క మాటయే వైద్యునికి త్రోవ చూపవచ్చును.