కూర్చోమనకండి, చింతపండు ఇవ్వండి

ప్రశ్న: మా అమ్మ బొమ్మ వేయాలని ఏడాదిగా తంటాలు పడుతున్నాను. కూర్చోబెడితే పది నిమిషాలకే 'పొయ్యి మీద పాలున్నాయే' అంటూ లేచిపోతుంది. సెల్‌ఫోనులో ఫొటో తీసి, అది చూసి వేస్తే ముక్కూ కళ్ళూ సరిగ్గానే వస్తున్నాయి గానీ అమ్మ రావడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?
- ఒక గృహిణి, తణుకు

జవాబు: ఈ ఉత్తరమే ఊరు మార్చుకుని నాకు నెలకోసారి వస్తుంది. తప్పు మీ చేతిలో లేదు, ఫోనులో ఉంది. మరీ దగ్గర్నుంచి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఫ్లాష్ కూడా వేశారంటే నీడలన్నీ చెరిగి ముఖం అప్పడమైపోతుంది. మీరు నిజాయితీగా ఆ అప్పడాన్నే వేస్తున్నారు.

అయినా అమ్మని కూర్చోమనడమేమిటి? కూర్చోమంటే కూర్చునే అమ్మని నేనింతవరకూ చూడలేదు. ఆవిడ ముందు రెండు కిలోల చింతపండు పెట్టండి. పిక్కలు తీస్తూ గంటసేపు అక్కణ్ణుంచి లేవదు. అటూ ఇటూ కదిలినా మళ్ళీ అదే భంగిమకి వస్తుంది; చేతిపని గుణమే అది. ఒకే కాగితం మీద మూడు బొమ్మలు మొదలుపెట్టండి: వంగినప్పుడొకటి, చెయ్యి చాచినప్పుడొకటి, నడుం నిటారుగా చేసి మీతో మాట్లాడినప్పుడొకటి. తను ఏ భంగిమకి తిరిగొస్తే ఆ బొమ్మ అందుకోండి. ముందు వీపు, తర్వాత మెడ, మోచేతులు. ముఖం చివరికి. కుదరకపోతే వదిలెయ్యండి. వీధి చివర వస్తున్న మనిషిని ముక్కు చూసి పోల్చుకుంటామా, నడక చూసి పోల్చుకుంటామా?

ఫొటో చూసి నేను వేసిన మా నాన్న తైలవర్ణ చిత్రం హాల్లో ఉంది. వచ్చినవాళ్ళందరూ 'అచ్చం ఫొటోలా ఉందండీ' అంటారు. మా అమ్మ దాన్ని తుడుస్తుంది, అంతే. ఆవిడ బీరువాలో దాచుకున్నది కరెంటు బిల్లు వెనక నేను గీసిన నాలుగు గీతలు: పడక్కుర్చీ, తెరిచిన పేపరు, కాలి చివర వేలాడుతున్న చెప్పు. నాన్న ముఖం పేపరు వెనకాలే ఉండిపోయింది.

ప్రశ్న: హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్ళలో బొమ్మలకి ఏది మంచిది?
- విద్యార్థి, వరంగల్లు

జవాబు: చెక్కి ఉన్నది.

ప్రశ్న: రిటైరయ్యాక బొమ్మలు మొదలుపెట్టాను. అరకు వెళ్ళి కొండలు వేద్దామంటే మోకాళ్ళు సహకరించడం లేదు. ఇంట్లో వేయడానికి ఏముంటుందండీ?
- విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

జవాబు: కరీంనగర్‌లో కూర్చుని ఈ మాట అడుగుతున్నారా! 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం మీ ఉమ్మడి జిల్లా బూరుగుపల్లివారే. బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకుని వచ్చి, చివరికి ఎవర్ని వేశారు? నిండు బొట్టు, ముక్కుపుడక, ముదురు రంగు చీరల తెలంగాణ ఆడవాళ్ళని. ఆ ప్రేరణలో సొంత తల్లికీ చోటుంది. సిద్దిపేట కాపు రాజయ్య బోనాలనీ పల్లె బతుకునీ వేశారు. వాళ్ళెవరూ మోకాళ్ళతో వేయలేదు. మీ ఇంట్లో కుక్కర్ ఉంది కదా? ఒక్కో కూతకీ ఒక్కో బొమ్మ. మూడు కూతలయ్యాక భోజనం.

ప్రశ్న: నేను వేసిన బొమ్మలో ముడతలు చూసి మా అత్తగారు అలిగారు. ఉన్నవే కదా వేశాను!
- ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: ముడతల్ని గట్టి గీతలతో వేస్తే గోడ పగుళ్ళలా ఉంటాయి. పెన్సిల్ పక్కకి వాల్చి, పల్చటి నీడతో సూచించి ఊరుకోండి. అప్పటికీ అలక తీరకపోతే దానికి మందు ఈ శీర్షికలో దొరకదు.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ళ పాప ఇంటి బొమ్మ వేసింది. అందులో నాయనమ్మ ఇంటికన్నా పెద్దగా ఉంది. మేమిద్దరం గేటు దగ్గర వేలెడంత ఉన్నాం. దిద్దించమంటారా?
- ఉద్యోగి దంపతులు, బెంగళూరు

జవాబు: వద్దు, కొలతలు సరిగ్గానే ఉన్నాయి. వెనక తేదీ వేసి దాచండి. వచ్చే ఏడాది మళ్ళీ వేయించి, మీరెంత ఎదిగారో చూసుకోండి.