మాటకు మాటే జవాబు

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ ‘శోధ్’ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ సభ జరిగింది. ఆమె రాతలు ఇస్లాంను కించపరుస్తున్నాయంటూ మజ్లిస్ శాసనసభ్యులు, కార్యకర్తలు ఆమెపై దాడి చేశారు. తర్వాత దాడి చేసినవారిపైనే కాక ఆమెపైనా కేసు నమోదైంది.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది. 19(2) దానికి హద్దులు పెట్టింది. శాంతిభద్రతలు, పరువునష్టం వంటివి ఆ హద్దుల్లో ఉన్నాయి. ‘నా మనసు నొచ్చింది’ అన్న ఒక్క కారణం అందులో లేదు. అయితే కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తే నేరమే. 1927లో చేర్చిన 295-ఎ సెక్షన్ 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది. ఆ నేరాన్ని తేల్చవలసింది న్యాయస్థానం, గుంపు కాదు.

నొచ్చుకున్నవారికీ అదే 19వ అధికరణం అండ. ఖండించవచ్చు, కరపత్రం వేయవచ్చు, శాంతియుతంగా సభ పెట్టవచ్చు. చేయి ఎత్తే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

సోదర విద్యార్థులారా! మన గూడెం కొత్తవీధి ప్రాంతంలో మోదకొండమ్మకు మొక్కేవారూ, చర్చికి వెళ్లేవారూ హాస్టల్లో ఒకే వరుసలో కూర్చుని భోంచేస్తారు. ఎదుటివాడి నమ్మకాన్ని ప్రశ్నించండి, వాడిని మాత్రం హేళన చేయకండి. మిమ్మల్నే ఎవరైనా హేళన చేస్తే నోటితోనే జవాబివ్వండి. భోజనానికి మళ్లీ అదే వరుసలో కూర్చోండి.